విప్పని చీటీ

మా ఇంట్లో పెద్ద నిర్ణయాలన్నీ చీట్ల మీద జరిగేవి. అమ్మ ప్రార్థన చేసి, కళ్లు తెరవకుండానే స్టీలు గిన్నెలోని రెండు చీట్లలో ఒకటి తీసేది. నాన్న గోడలకు రంగులు వేసే మనిషి. వాకాడులో పని ఒప్పుకోవాలా, నెల్లూరులోనా అన్నది కూడా అలా తేలిందే. రెండో చీటీని మాత్రం ఎవరూ విప్పకూడదు. విప్పితే దేవుణ్ణి అనుమానించినట్టేనని అమ్మ దాన్ని నీళ్ల పొయ్యిలో పడేసేది. ఇంట్లో నా రాత గుండ్రంగా ఉంటుంది కాబట్టి చీట్లు రాసే పని నాది.

ఇంటర్ అయ్యాక బొమ్మలు నేర్పే కాలేజీలో చేరతానని పట్టుబట్టాను. రెండు దారులు కనిపించాయి. ఒకటి దూరాన ఉన్న ప్రభుత్వ కాలేజీ. అక్కడ సీటు కావాలంటే ఎదురుగా ఒక మనిషిని కూర్చోబెట్టి బొమ్మ గీయమంటారు. రెండోది హైవే పక్కన కొత్తగా పెట్టిన ప్రైవేటు కాలేజీ. దానికి పరీక్షా గిరీక్షా ఏమీ లేదు. వాళ్లే ఇంటికొచ్చి, నిగనిగలాడే రంగుల పుస్తకం ఇచ్చి, మంచినీళ్లు తాగి వెళ్లారు.

మా మందిరంలో సండేస్కూలు చార్టులన్నీ నావే. అందరూ నన్ను ఆర్టిస్టనే పిలిచేవాళ్లు, నేనూ బాగానే పొంగిపోయేదాన్ని. అవన్నీ అచ్చు బొమ్మల మీద గళ్లు కొట్టి, చూసి దించినవని నాకొక్కదానికే తెలుసు. చేపలు కోస్తున్న అమ్మను గీద్దామని ఒకసారి కూర్చుంటే కాగితం మీద ఎవరో పరాయి మనిషి వచ్చింది. ఆ పరీక్ష తప్పితే మందిరంలో తలెత్తుకోలేనని భయం పట్టుకుంది. అందుకని రెండు చీట్ల మీదా ప్రైవేటు కాలేజీ పేరే రాశాను.

అమ్మ చాలాసేపు ప్రార్థన చేసింది. చీటీ తీసి నాకే ఇచ్చి చదవమంది. చదివాను. ఆమె కళ్లు తుడుచుకుని రెండోదాన్ని పొయ్యిలో వేసింది. అది కాలిపోయేదాకా నేను అక్కడి నుంచి కదల్లేదు. అమ్మను మోసం చేయడం ఇంత సులువా అనిపించింది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

చేరడానికి ముగ్గురం వెళ్లాం. అద్దాల బిల్డింగు అంతా తిప్పి, చివర్లో బొమ్మలు వేసే గది చూపించారు. స్టాండ్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. నాన్న వాటి వంక చూడలేదు. వంగి, ఒక మూల నేలను గోటితో గీరి చూశాడు.

"చుక్క రంగన్నా పడలేదే. ఈడ నిజంగా బొమ్మలేస్తారంటావా పాపా?"

"శుభ్రంగా పెట్టుకుంటే అదీ తప్పేనా? దేవుడు చూపించినాడు. మనం వంకలు పెట్టకూడదు" అంది అమ్మ.

నాన్న నా వైపు చూశాడు. నేను ఒక్క మాట అంటే అప్పుడే వెనక్కి తీసుకుపోయేవాడు. "బాగుంది నాన్నా" అన్నాను. ఆఫీసులో నా టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్ తీసుకుని బీరువాలో పెట్టారు. కోర్సు పూర్తయ్యాకే ఇస్తామన్నారు.

ఆ రోజు చూసిన గదికి ఎప్పుడూ తాళమే. అన్ని సబ్జెక్టులకూ ఒక్కరే సారు. ఆయన ఫోనులో బొమ్మ చూపించి దించమనేవాడు. ఎదురుగా మనిషిని కూర్చోబెట్టిన రోజు ఒక్కటీ లేదు. ఏడాది చివర్లో ఇన్‌స్పెక్షన్ అన్నారు. ముందురోజు గది తెరిచి, మా చేతికి బ్రష్షులిచ్చి నేల మీద రంగులు చల్లమన్నారు. మిగతావాళ్లు నవ్వుకుంటూ చల్లారు. నాన్న గోటితో గీరిన మూలలో నేనే చల్లాను.

ఇంట్లో ఏమని చెప్పను? కాలేజీ మంచిది కాదంటే దేవుడు తప్పు చూపించాడని అర్థం. కాదు, ఆయన చూపించలేదంటే నా దొంగతనం బయటపడుతుంది. ఈలోగా అమ్మ మందిరంలో సాక్ష్యం చెప్పడం మొదలుపెట్టింది. లేచి నిలబడి చీటీ సంగతి చెప్పేది. చెప్పినప్పుడల్లా అది ఇంకాస్త పెరిగేది. హాస్టల్ నుంచి సెలవులకు వచ్చినప్పుడు తల వంచుకుని వినేదాన్ని.

ఆ వేసవిలోనే ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, మా వీధి చివర ఉండే అక్క నన్ను ఆపింది.

"మీ అమ్మ సాక్ష్యం విన్నా. మా పాపక్కూడా బొమ్మల పిచ్చి. ఆ కాలేజీలోనే చేర్చాలనుకుంటన్నా. నీ నోటితో చెప్పు, ఎట్టుండాది?"

అమ్మ పక్కనే ఉంది. ఆమె ముఖం వెలిగిపోతోంది. చెప్పాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"బాగుందక్కా, చేర్చండి" అన్నాను.

ఆ పిల్ల హాస్టల్లో నా గదికే వచ్చింది. పెట్టె సర్దుకుంటూ తన బొమ్మల పుస్తకం నాకిచ్చింది. వాళ్లమ్మ, మైపాడులో వల బాగుచేస్తున్న ముసలాయన, నిద్రపోతున్న చెల్లెలు. అందరూ పిలిస్తే పలికేలా ఉన్నారు. ఒక్కటీ గళ్లు కొట్టి వేసింది కాదు.

"ప్రభుత్వ కాలేజీ పరీక్ష రాయలేదా?" అని అడిగాను.

"రాసినానక్కా. సీటు కూడా వచ్చింది. అమ్మ వద్దనింది. నువ్వు బాగుందని చెప్పినావు గదా, అందుకని ఈడికే వచ్చేసినా."

నవ్వుతూనే చెప్పింది. నేను పుస్తకం మూసి ఆమె చేతికిచ్చాను. బాగా గీశావని కూడా అనలేకపోయాను.