నా వేలిముద్ర చదివిన సారు

మాకు పేపరు చదివి పెట్టే సారు మొన్న పొద్దున పోయాడు. బడి నుంచి రిటైరయ్యాక తండ్రి సభ్యత్వం తీసుకుని మా చేపల సంఘంలో చేరిన మనిషి. నాకు చదువు రాదు, చెప్పి రాయిస్తున్నాను. ఆయన్ను పొగిడి చేతులు దులుపుకోవడానికి కాదు, నేను చేసింది నా నోటితోనే చెప్పడానికి.

మేడ్చల్ అంగట్లో చేపలమ్మి వచ్చేసరికి టీ కొట్టు దగ్గర కూర్చుని ఉండేవాడు. కళ్లద్దాలు పంచె అంచుతో తుడిచి, "ఏ దేశం పోదామక్కా ఇయ్యాల?" అనేవాడు. ఒకరోజు కొరియా పోయాం. అక్కడ ఏలేవాడు టీవీలోకి వచ్చి మిలిటరీ పాలన అన్నాడట. జనం ఉరికొచ్చి సిపాయిలకు అడ్డం నిలబడ్డారట. పార్లమెంటు సభ్యులు గోడలు దూకి లోపలికి పోయి, ఆ పాలన వద్దని ఓటేశారట.

"ముసలోళ్లు గూడ దూకిండ్రా సారూ?"

"సభ పెద్దనే దూకిండు. మిలిటరోళ్ల చేతులకెల్లి ఆళ్లకు ఓటు మల్ల దొరికి నలభై ఏండ్లు గూడ గాలే, అందుకే ఉరికిండ్రు. సిపాయొస్తె కండ్లవడ్తడక్కా. సప్పట్ల నడుమ పోయే ఓటు కండ్లవడదు."

ఆ తర్వాత కొన్నాళ్లకే మా సంఘం ఎన్నిక. పాత అధ్యక్షుడే ఏకగ్రీవం అని చప్పట్లు కొట్టారు. సారు ఒక్కడే లేచాడు.

"చీటీలు పెట్టి ఓటెయ్యనియ్యుండ్రి."

"ఇది కొరియా గాదు సారూ," అన్నాడు అధ్యక్షుడు. "ఈడ గోడ లేదు. దూకాల్నంటే చెర్ల దూకు!"

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్విందాన్ని నేను.

వెంటనే ఒక కాగితం తిప్పారు. "హాజరు గిది. ఏలెయ్యి అవ్వా." మందు డబ్బా మీది రాతైనా సారుకు చూపందే ముట్టనిదాన్ని. ఆ రోజూ ఆయన నా పక్కనే ఉన్నాడు. అప్పుడే నవ్వి, అప్పుడే ఏ ముఖం పెట్టుకుని చదవమంటాను? వేలేశాను.

వారానికి ఆ కాగితాన్నే సంఘం తలుపుకు అంటించారు. సారును తీసుకుపోయి చదవమన్నది నేనే. సంఘం పరువు తీసినందుకు సారు పేరు సభ్యుల లిస్టులోంచి కొట్టేయాలని కింద ముద్రలు వేసినవాళ్లు కోరుతున్నారట. తన పేరు దగ్గర కూడా ఆగకుండా, పేపరు చదివే గొంతుతోనే చదివాడు.

"మొదటి ముద్ర ఎవలిది సారూ?"

"నీదే అక్కా. మస్తు సాఫ్ వడ్డది."

తిట్టి ఉంటే బతికిపోయేదాన్ని. మర్నాడు మళ్లీ నాకోసం పేపరు పట్టుకుని కూర్చున్నాడు.

నా ముద్ర తీసేయమని అధ్యక్షుడి చుట్టూ తిరిగాను. "ఏసిన ఏలు ఎనక్కి రాదవ్వా," అన్నాడు. కొట్టేసిన సారు పేరు మళ్లీ లిస్టులోకి ఎక్కలేదు.

సంఘం మనిషి పోతే ఆ పూట చెరువులో ఎవరూ వల వేయరు. మొన్న పాడె రాకముందే కట్ట మీదికి ఉరికి అరిచాను, "వలలు తియ్యుండ్రిరా!" తెప్ప మీద ఉన్నది నా కొడుకే.

"లిస్టుల లేడు గదనే అమ్మా!"

అప్పటికి పాడె వచ్చి నా పక్కనుంచే పోతోంది. వాడు నడుము తిప్పి విసిరాడు. వల గాలిలో గుండ్రంగా విచ్చుకుని, మెల్లగా నీళ్ల మీద పరుచుకుంది.