ఊరి కోసం ఏడవని మనిషి

నాలుగేళ్లుగా ఒకే నవల. శ్రీకాకుళం నుంచి కలకత్తా రేవుకు కూలికి వెళ్లిన మొదటి తరం కథ. మూడో అధ్యాయం ఎన్నిసార్లు తిరగరాసినా అందులో మనిషి కదలడు. ఇంట్లో కూర్చోలేక, ఒక మంగళవారం సాయంత్రం విశాఖలో కలకత్తా వెళ్లే షాలిమార్ రైలెక్కాను.

రాత్రంతా నిద్ర లేదు. ఉదయం తొమ్మిదిన్నరకు దిగి, స్టేషన్ బయట టీ తాగి, టాక్సీలో వంతెన దాటాను. ఖిదిర్‌పూర్ నుంచి రేవు పక్కనున్న మెటియాబ్రుజ్ పేటకి షేర్ ఆటో. పక్కనున్న దర్జీ ఏం పని మీద వచ్చారని హిందీలో అడిగాడు. నవల రాస్తున్నానన్నాను.

"కట్టుకథే కదా, దానికింత దూరం రావాలా?" అన్నాడు.

ముందే ఫోన్‌లో మాట్లాడుకున్న దానియేలు గారి ఇల్లు పదకొండింటికి చేరాను. రేవులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. ఆయన తాత ఆ మొదటి కూలీల్లో ఒకరు. చేపల పులుసుతో భోజనం పెట్టారు. తరవాత మూడో అధ్యాయం చదివి వినిపించాను. అందులో నా కథానాయకుడు రోజూ సాయంత్రం గంగ ఒడ్డున నిలబడి సొంతూరు తలుచుకుని ఏడుస్తాడు.

దానియేలు గారు తల అడ్డంగా ఊపారు.

"ఏటనుకోకండమ్మా. మా తాత ఊరి కోసం ఏడవనేదు. అక్కడ పెద్దోళ్ల ఈదిలో మావోళ్లు సెప్పులేసుకోకూడదు. ఇక్కడికొచ్చి బూట్లు కొనుక్కున్నాడు. తల్లి పోయిందంటే ఎల్లాడు. ఈది మొదట్లోనే బూట్లు ఇప్పించీసినారు. సేత్తో పట్టుకుని శవం కాడికెల్లాడు. మర్నాడే రైలెక్కీసినాడు. మళ్లీ ఎల్నేదు."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని మా ఇంటి ముందు నుంచి నడిచిన మనుషుల్ని చిన్నప్పుడు నేనూ చూశాను. రెండొందల పేజీల్లో ఎక్కడా రాయలేదు.

"ఇది రాయొచ్చా?" అని అడిగాను.

"రాయండి. పేరు కూడా ఎయ్యండి. అప్పన్న."

ఒంటిగంటకు బయల్దేరి, మూడు గంటల రైలందుకున్నాను. ఖరగ్‌పూర్ దాటేలోగా మూడో అధ్యాయం మొత్తం కొట్టేశాను. మనసు కుదుటపడలేదు సరికదా, మిగతా పేజీల మీదా అనుమానం మొదలైంది. వాళ్ల బాధ రాస్తున్నాననుకుంటూ ఇన్నాళ్లూ నా బెంగే రాసుకున్నాను.

బాలాసోర్‌లో ఎడిటర్‌కి ఫోన్ చేసి ఇంకో ఏడాది కావాలన్నాను. ఆయన విసుక్కున్నాడు.

"ఇంతకీ మీ హీరో చివరికి ఊరెళ్తాడా, లేదా?"

"వెళ్తాడు," అన్నాను. "ఒక్క రోజుకి."