కృష్ణసామి కాల్లో ఆగిన పల్స్

పొద్దున రౌండుకు ముందు కృష్ణసామి కాలి కట్టు విప్పి పాదం మీద వేళ్లు పెట్టాను. ముందురోజు సాయంత్రం బాగా తగిలిన పల్స్ లేదు. పాదం పాలిపోయింది. పాదం నుంచి మోకాలి పైదాకా ఉన్న ఆ కట్టు మేం కట్టింది కాదు.

డెబ్బయ్యవ దశకం చివర, కోయంబత్తూరులో నేను స్టాఫ్ నర్సుగా ఉన్న సర్జికల్ వార్డు అది. కృష్ణసామి సింగానల్లూరు మిల్లులో స్పిన్నింగ్ పనివాడు. కాలికి రక్తం తీసుకెళ్లే నాళం మూసుకుపోయి, బొటనవేలు నల్లబడి వచ్చాడు. సర్జన్ అతని కాలిలోంచే ఒక సిర తీసి, మూసుకున్న చోటుకు పైనా కిందా కలిపి కుట్టారు. రక్తానికి ఇలా పక్కదారి వేయడమే బైపాస్. ఆ సిరను గ్రాఫ్ట్ అంటారు. పాదం చల్లబడకుండా చూసుకోమని అతని భార్య రాజమ్మాళ్‌కు చెప్పారు. వాళ్లింట్లోనూ మా ఇంట్లోనూ తెలుగే కనుక ఆమె అన్నీ నాతోనే మాట్లాడేది.

“ఇది ఎవరక్కా కట్టింది?”

“నేనే సిస్టరమ్మా. పాదం సల్లగుండె. మిల్లు దూది పెట్టి కడితిని.”

“ఇంత బిగువుగానా?”

“సిన్నప్పట్నుంచి మిల్లు రీలింగులో నూలు సుడతా ఉండాను. నా సేతికి లూజుగా సుట్టేది రాదే!”

వెంటనే థియేటరుకు తీసుకెళ్లారు. గ్రాఫ్ట్‌లో రక్తం గడ్డకట్టి ఉంది. గడ్డ తీసినా ప్రవాహం నిలవలేదు. కింది కుట్టు దగ్గర సిర సన్నబడిందని, అడ్డు అక్కడే మొదలై ఉండొచ్చని సర్జన్ అన్నారు.

“కట్టు వల్ల కాదా సార్?”

“అదీ అయ్యుండొచ్చు.”

మోకాలి కింద కాలు తీసేయక తప్పలేదు.

“నేనే పోగొడితినా సిస్టరమ్మా?” అని రాజమ్మాళ్ నన్ను అడిగింది. మంచం మీది నుంచి కృష్ణసామే అందుకున్నాడు.

“ఏడవొద్దే. బాత్రూములో దొంగగా బీడీ తాగితిని. దాంట్లోనే నరం అడచుకొనె.”

“డాక్టరు వద్దన్న బీడీనా? నాకేల సెప్పలా?”

“నీకు సెప్పుంటే సాయంత్రానికి రీలింగంతా తెలిసుండు.”

ఆమె ఏడుస్తూనే అతని చేతి మీద ఒకటి వేసింది.

ఆ తర్వాత ఏ రోగి ఇంటివాళ్లకూ ‘చూసుకోండి’ అని చెప్పి వదల్లేదు. ఎలా చూసుకోవాలో చేసి చూపించాను. బీడీ రక్తనాళాలను మూస్తుందన్నది నిజమే. కానీ ఆ వార్డులో ఉన్నన్నాళ్లూ కృష్ణసామి దగ్గర బీడీ వాసన నాకు ఒక్కసారీ తగల్లేదు. అతను తాగాడో లేదో ఈనాటికీ తెలియదు.