దేవతకు రోగమేమిటి

ఉప్పల్‌లో డాక్టరమ్మ నా రొమ్ములో గడ్డను చూసి సూది పరీక్షకు రాసింది. "మీ అమ్మగారు దేంతో పోయారు?" అని అడిగింది. నాకు యాభై దగ్గర పడుతున్నాయి, జవాబు తెలియదు. నా చిన్నప్పుడే పోయిందని చెప్పాను. "అది కాదు, దేంతో? ఆమె తల్లికి కూడా ఏమైనా ఉండేదా? తెలుసుకుని రండి" అంది.

తెలుసుకోవడం అంత సులువా మా ఇంట్లో! అమ్మ గురించి ఎవరిని అడిగినా ఒకటే మాట, పుణ్యస్త్రీగా పోయిందని. మొగుడు బతికుండగా పసుపు కుంకుమలతో పోయిన ఆడదాన్ని మావాళ్ళు దేవతను చేసేస్తారు. ఏటా పెద్దలకు పెట్టే పెత్రమాస అమావాస్యకు ఆమె ఫొటో ముందు కొత్త చీర పెట్టి దండం పెడతారు. తర్వాత ఆ చీరను నన్ను పెంచిన అమ్మ, అంటే నాన్న రెండో భార్య, కట్టుకుంటుంది. దేవతకు రోగమేమిటి, అడిగితే కళ్ళు పోతాయన్నట్టు చూస్తారు. నాన్న ఉన్నన్నాళ్ళూ నోరు విప్పలేదు. పాతికేళ్ళు నిండని మనిషి ఊరికే పోతుందా అని నాకు ఒళ్ళు మండేది.

ఇక మిగిలింది నాచారంలో ఉండే చిన్నమ్మ, అమ్మకు సొంత చెల్లెలు. మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"పుణ్యస్త్రీ అన్నవంటే ఇప్పుడే వాపసు పోత చిన్నమ్మా. నాకు రొమ్ముల గడ్డ లేసింది. నిజం చెప్పు" అన్నాను.

చిన్నమ్మ చేతిలో కాయను చేటలో పడేసింది.

"మీ అమ్మకు గూడ గట్లనే లేసింది బిడ్డా. మా అమ్మ గూడ దాంతోనే పాయె. అక్కకు ఎరుకే. అప్పుడే నా లగ్గం కుదిరింది. మా రక్తంల ఉన్నదని తెలిస్తే నన్నెవరు జేసుకుంటరని కొంగు నిండ కప్పుకొని తిరిగింది. నా పెండ్లయినంక దవాఖానకు తీస్కపోయిన్రు. అప్పటికే చెయ్యి దాటింది."

అమ్మ కోసం నేను ఏడవడం అదే మొదటిసారి. దేవత కోసం ఎవరేడుస్తారు?

కాసేపటికి చిన్నమ్మ కళ్ళు తుడుచుకుని, "నీ బిడ్డకు పోచారంల సంబంధం మాట్లాడుతున్రు గదా. జర వాళ్ళ చెవుల పడనియ్యకు. లగ్గమైనంక సూస్కుందువు" అంది.

కోపం నషాళానికి అంటింది. "గట్లనే గదా మా అమ్మను పోగొట్టుకున్నం" అన్నాను. అనకూడదు, అయినా అన్నాను. అక్కడే కూర్చుని నా కూతురికి ఫోన్ చేసి నా గడ్డ సంగతి, అమ్మ సంగతి, అమ్మమ్మ సంగతి మొత్తం చెప్పాను.

అది అంతా విన్నది. తర్వాత, "వాళ్ళకు మనమే చెప్దాం అమ్మా. వద్దంటే వద్దంటరు. డాక్టర్ దగ్గరికి నేను గూడ వస్త" అంది.

ఫోన్ పెట్టేశాక చిన్నమ్మ లేచి, తలుపు దగ్గరికి వేసి, కొంగు పక్కకు తీసింది.

"నాది గూడ సూపిద్దాం బిడ్డా. నీ బిడ్డ లగ్గమయ్యేదాక ఆగుదామనుకున్న."