మీగడ తీసిన పాలు

మొన్న నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకతె ఫోనులో వీడియో పంపింది. వెంట్రుకంత సన్నని కాలువలో రక్తం పారుతూ ఉంటే, చెవికి వినపడని ధ్వని ఎర్రకణాలన్నింటినీ క్షణంలో నడిమికి చేర్చి ఒకే గీతగా నిలబెట్టింది. బాగుందమ్మా అని రాసి ఫోను పక్కన పెట్టేశాను. సంతోషించే ఓపిక కూడా ఈ మధ్య తగ్గిపోయింది, పైగా అలాంటి గీత కోసం ఒకప్పుడు నేను పడిన తిప్పలన్నీ గుర్తొచ్చాయి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో తిరుపతిలో పరిశోధన చేసేవాణ్ణి. విదేశాల నుంచి ప్లాస్టిక్ రేణువులు తెప్పించుకునే స్తోమత మా ల్యాబుకు లేదు గనుక, మా గైడు పాలతో చేద్దామన్నారు. సన్నటి గాజు గొట్టానికి ధ్వని పుట్టించే బిళ్ల అతికించి, నీళ్లు కలిపిన పచ్చిపాలు పంపితే, అందులోని కొవ్వు రేణువులు నీళ్లకన్నా తేలిక గనుక, నడిమికి కాక రెండు అంచులకూ చేరి తెల్లటి గీతలు కట్టాలి. ఆయన ఆ ఏడాదే రిటైరవుతున్నారు. మా పని తనిఖీ చేసే కమిటీ వచ్చేలోగా గీతలు చూపించకపోతే, ధ్వనికి ఏ రేణువు ఎటు కదులుతుందో చెప్పే, ఏళ్ల తరబడి ఆయన నమ్ముకున్న లెక్క తప్పనుకుంటారు, నా ఫెలోషిప్పూ ఆగిపోతుంది.

పలమనేరులో ఆవులున్న మా మేనత్త, సాయంత్రం పితికిన పాలు క్యానులో పోసి మర్నాడు తొలి బస్సులో పంపేది. నేను బస్టాండులో కాచుకుని, కండక్టరు చేతి నుంచి అందుకుని ల్యాబుకు పరుగెత్తేవాణ్ణి. మూడు నెలలైనా గీత కట్టలేదు. బిళ్ల మార్చాం, జిగురు మార్చాం, గాలిబుడగలు అడ్డుపడుతున్నాయేమోనని కాచి చల్లార్చిన నీళ్లు కలిపాం. చివరికి మా గైడు పాత నోటుపుస్తకాలు ముందేసుకుని తన లెక్కలో తనే తప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు, అది చూడలేక నేను వరండాలోకి వెళ్లి నిలబడేవాణ్ణి. కమిటీ వచ్చింది, గీతల్లేని గొట్టం చూసింది, లెక్క తప్పని రాసుకుని వెళ్లిపోయింది.

ఇక పాలు వద్దని చెప్పడానికి రాత్రి బస్సెక్కి తెల్లారకముందే పలమనేరు చేరితే, అత్త క్యాను పక్కన పెట్టుకుని పాల మీది మీగడ గిన్నెలోకి తీస్తోంది.

"సన్న గొట్టం అంటివి గదప్పా, మీగడ అడ్డం పడితే పాలు యాడ పోతాయి? అందుకే దినామూ తీసేసి పంపిస్తా ఉండా" అంది ఎంతో ప్రేమగా.

పెద్ద రేణువులన్నీ ఆ గిన్నెలోనే ఉండిపోయేవి, ఆ ధ్వనికి సరిగా కదలనంత చిన్నవే మాకు చేరేవి. ఇన్నాళ్లూ క్యాను మోశానే గాని, ఎలాంటి పాలు పంపుతున్నావని ఒక్కనాడూ అడగలేదు.

మీగడ తీయని పాలు తెచ్చి గొట్టంలోకి పంపితే గీతలు ఇట్టే కట్టాయి. వెంటనే గైడుగారి ఇంటికి పోయి, సంగతంతా చెప్పి, కమిటీకి జరిగింది రాద్దామన్నాను. ఆయన చేతిలోని నోటుపుస్తకం మూసి పక్కన పెట్టారు.

"మీ అత్తకు చెప్పినావా?"

లేదన్నాను.

"చెప్పొద్దులే అబ్బా. కమిటీకి కూడా రాయొద్దు. రాస్తే ఆమె పేరు ఎత్తాల్సి వస్తాది."

ఆ లెక్క తప్పన్న మాట కాగితాల్లో అలాగే ఉండిపోయింది. ఎన్నో ఏళ్లకు వేరే పని మీద నాకు డాక్టరేటు వస్తే, నా పాలతోనే మావోడు డాక్టరయినాడని అత్త పోయేదాకా ఊరంతా చెప్పుకుంది. ఇప్పుడు రేణువులు సైజులవారీగా సీసాల్లో వస్తున్నాయి, పాల కోసం బస్టాండులో కాచుకునే పని ఎవరికీ లేదు. నిన్న ఆ వీడియో మళ్లీ చూశాను. చూపించడానికి ఆయనా లేరు, అత్తా లేదు.