గింతీలో నా జోడీ

దయ్యాలున్నాయంటే నేను నవ్వేవాణ్ని. జైల్లో ఏళ్ల తరబడి హత్య కేసుల వాళ్ల మధ్య పడుకున్నవాణ్ని. దయ్యాలే గనక ఉంటే మా బ్యారక్‌లో మాకు చాప పరుచుకోవడానికి చోటు దొరికేది కాదు. ఇప్పుడు మాత్రం ఎవరైనా ఆ మాటెత్తితే నోరు మూసుకుంటున్నాను.

ఒక కొట్లాటలో నా దెబ్బకు మనిషి ప్రాణం పోయింది. శిక్ష పడింది, అనుభవించాను, సత్ప్రవర్తన కింద ముందే వదిలారు. లోపల వడ్రంగం నేర్పారు. ఇప్పుడు ఫిల్మ్‌నగర్‌లో సినిమా సెట్లు కడుతున్నాను, అదే కూడు పెడుతోంది. పని ఇచ్చారు, కాదనను. కానీ నా సంగతి తెలిసినప్పటి నుంచి భోజనాల దగ్గర నా పక్కన ఎవరూ కూర్చోరు. ఒక్క మాట అనరు. కుర్చీ కాస్త జరుపుకుంటారు, అంతే.

జైల్లో అలా కాదు. సాయంత్రం తాళాలు వేసే ముందు గింతీ ఉంటుంది, అంటే ఖైదీల లెక్క. అందరూ ఇద్దరిద్దరుగా గొంతుకూర్చోవాలి. వార్డర్ భుజాలు తడుతూ "జోడీ, జోడీ" అని లెక్కపెట్టుకుంటూ పోతాడు. నా జోడీ యాదయ్య, యావజ్జీవం పడ్డ ముసలాయన. ములాఖత్‌కు ఆయన కోసం ఎవరూ రారు. మోకాళ్ల నొప్పితో కూర్చోలేక నా ఎడమ మోకాలి మీద చెయ్యి ఆనించేవాడు, బరువంతా నా మీదే. "ఏంది పెద్దయ్యా, నేనేమన్న గోడనా?" అని విసుక్కునేవాణ్ని.

నేను విడుదలయ్యే రోజు ఆయన ఒకటే అడిగాడు. "రేపటి సంది నా పక్కన ఎవలు కూసుంటర్రా?"

"ఫికర్ చెయ్యకు, నేనొస్త గద," అన్నాను.

వెళ్లాను కూడా. రక్తసంబంధం లేదని ఒకసారి, పాత ఖైదీవని మరోసారి గేటు దగ్గరే తిప్పి పంపారు. ఆ గేటు బయట నిలబడి ఏడ్చాను, సిగ్గేముంది.

ఈసారి బోనాల ఆదివారం. మేం కట్టిన జైలు సెట్లో సాయంత్రం గింతీ సీను తీస్తున్నారు. బోరబండ నుంచి రావాల్సిన జూనియర్ ఆర్టిస్టు ఒకతను ఇంట్లో పండగని ఎగ్గొట్టాడు. అసిస్టెంట్ డైరెక్టర్ నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"అన్నా, చివర్న ఒక్కడే కూర్చునే ఖైదీ రాలేదండీ. ప్లీజ్, మీరు కూర్చోండి."

ఖైదీ బట్టలు మళ్లీ వేసుకున్నాను. వరస చివర్న ఒక్కణ్నే గొంతుకూర్చున్నాను.

వార్డర్ వేషం వేసినాయన భుజాలు తడుతూ వస్తున్నాడు. ఆయన ఇంకా నా దాకా రాకముందే నా ఎడమ మోకాలి మీద చెయ్యి పడింది. బరువుగా, ఎప్పుడూ ఆనే చోటే. తల తిప్పలేదు, తిప్పితే పోతుందేమో అనిపించింది. భయం కాదు, నిజం చెప్పాలంటే ప్రాణం లేచొచ్చింది.

వార్డర్ వేషంలో ఉన్నాయన వచ్చి నా భుజం తట్టాడు. నా పక్కన గాల్లో కూడా తట్టి "జోడీ" అన్నాడు.

డైరెక్టర్ కట్ చెప్పి గయ్యిమన్నాడు. "సింగిల్ అనాలి కదయ్యా!"

"ఇద్దరున్నారు కదండీ..." అంటూ నా పక్కకి చూసి ఆయన ఆగిపోయాడు. మానిటర్‌లో వేసి చూశారు. నేనొక్కణ్నే ఉన్నాను. ఉక్కకి కళ్లు తిరిగాయేమోనని ఆయనకు మజ్జిగ ఇచ్చారు.

యాదయ్య పోయాడనే అనుకున్నాను. చాలా రోజులు అన్నం సయించలేదు.

తర్వాత మా బ్యారక్ నర్సింహ విడుదలై, పని కోసం షేక్‌పేటలో నా గదికి వచ్చాడు. సెట్లో జరిగింది అతనికి చెప్పలేదు. యాదయ్య ఎప్పుడు పోయాడని మాత్రం అడిగాను.

"పోవుడేంది? మంచిగనే ఉన్నడు. బోనాల నాడే గింతీ కలవలే అన్నా. మళ్ల మళ్ల లెక్కవెట్టిన్రు, ఒకడు ఎక్కువొస్తుండు. ముసలాయన ఒక్కడే కూసుంటే వార్డర్ జోడీ అనవట్టె. తాళాలేసుడు లేటయింది, అందర్ని తిట్టిన్రు. ఆయనేమో నవ్వుకుంట, వస్తనన్నడు, వచ్చిండు అంటడు."

ఆ సాయంత్రం నేను ఫిల్మ్‌నగర్‌లోనే ఉన్నాను. యూనిట్ అంతా సాక్ష్యం. మరి లోపల లెక్కకొచ్చింది ఎవరో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. భోజనాల దగ్గర కుర్చీలు జరుపుకునేవాళ్ల మీద మాత్రం ఇప్పుడు కోపం రావడం లేదు. ఎడమ పక్క కాస్త చోటు నేనే వదిలి కూర్చుంటున్నాను.