పల్లినూనె డబ్బా మూత

నేనూ మా బాపూ సముద్రం పక్కన ఓ చిన్న పల్లెకు వచ్చాం. పొద్దున కయాక్ అనే చిన్న తెడ్డు పడవ ఎక్కేముందు లైఫ్ జాకెట్ పట్టీ వీపు మీద బిగుసుకోగానే, నాకు పల్లినూనె వాసనొచ్చింది!

మంచిర్యాల దోస్తులూ, గుర్తుందా? ఎండాకాలం గోదావరిలో ఈత నేర్పేటప్పుడు మన వీపుకు ఖాళీ నూనె డబ్బా కట్టేవాళ్లు. సుతిలి తాడు నడుముకు ఒరుసుకుని ఒకటే మంట. నీళ్లలో దిగగానే చుట్టూ నూనె రంగురంగులుగా తేలేది. ఆ డబ్బా లేకపోతే నేను మోకాలి లోతు దాటేదాన్ని కాదు.

ఓ రోజు నది మధ్యలోని బండ దాకా ఈదివచ్చి, "డబ్బా బాగ బరువున్నది బాపూ!" అని ఏడుపు మొహం పెట్టాను. బాపు నవ్వుకుంటూ జేబులోంచి ఎర్ర మూత తీసి చూపించాడు.

"మూత మూడు దినాల సంది నా తాననే ఉన్నది బిడ్డా. నువ్వు నీళ్లు నిండిన డబ్బా మోసుకుంట ఈత కొడుతున్నవ్!"

కోపంతో ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు మాత్రం డబ్బా లేకుండానే దూకాను.

ఈ రోజే మొదటిసారి సముద్రం చూసిన బాపు, కయాక్‌లో నా ముందు కూర్చుని జాకెట్ అంతా తడుముకున్నాడు. వెనక్కి తిరిగి మెల్లగా అడిగాడు:

"దీని మూత గిట్ట తీసినవా బిడ్డా?"